హేవలాక్ వంతెనకు లైట్ల కంటే ముందు రంగు వేయండి

సంపాదకులకు నమస్కారం.

పోయిన నెల రాజమహేంద్రవరం వెళ్లినప్పుడు పొద్దున్నే గోదావరి గట్టు దాకా నడిచి, హేవలాక్ వంతెనను దగ్గర నుంచి చూశాను. చిన్నప్పుడు రైలు దాని మీదికి ఎక్కగానే చక్రాల చప్పుడు మారిపోయేది. పెద్దవాళ్లు నా చేతిలో నాణెం పెట్టి గోదారమ్మకు వేయమనేవాళ్లు. 1997లో ఆ వంతెన మీద రైళ్లు ఆగిపోయాయి. ఇప్పుడు అన్నీ ఆర్చి బ్రిడ్జి మీదుగానో, రోడ్ కం రైల్ బ్రిడ్జి మీదుగానో పోతున్నాయి.

కాశీలో గంగ మీద డఫెరిన్ వంతెన కట్టించిన వాల్టన్ ఇంజనీరే దీన్నీ కట్టించాడు. 1897 నవంబరులో పని మొదలైతే 1900 ఆగస్టుకల్లా రైలు నడిచింది. 56 స్పాన్ల వంతెన, అంటే స్తంభాల మధ్య 56 అంగలు, అదీ గోదావరి లాంటి నది మీద, మూడేళ్లు నిండకుండానే! రాతి స్తంభాలు ఇవాళ్టికీ నిటారుగా ఉన్నాయి. వాటి కింద నిలబడితే ఆ పనివాళ్లకు దణ్ణం పెట్టాలనిపించింది.

కానీ ఒక స్తంభం రాళ్ల సందులో మూరెడు రావి మొక్క కనిపించింది. లేత ఆకులతో ముచ్చటగా ఉంది. దాని వేరు మాత్రం రాళ్ల మధ్య సున్నాన్ని తొలుచుకుంటూ లోపలికి పోతుంది. ఇవాళ ఒక మనిషి చేత్తో పీకేయగలడు. నాలుగైదేళ్లు వదిలేస్తే రాళ్లు విప్పితే గానీ రాదు. ఇంకాస్త పైకెక్కి గర్డరు, అంటే వంతెనను మోసే ఇనుప దూలం, అంచు పట్టుకుని చూశాను. తుప్పు ఎండిన బెరడులా పొరలు పొరలుగా లేచి వేలికి ఊడొచ్చింది. తుప్పు ఇనుము కంటే ఎక్కువ చోటు ఆక్రమిస్తుంది. రెండు రేకుల మధ్య చేరితే వాటిని విడదీస్తుంది, చివరికి వాటిని కలిపి బిగించే రివెట్ల తలలు తెగిపోతాయి.

ఈ వంతెన 97 ఏళ్లు రైళ్లను మోసిందంటే రోజూ ఎవరో ఒకరు దాన్ని చూసుకోబట్టే. పట్టాలు తనిఖీ చేసే కీమ్యాన్ సుత్తి పట్టుకుని పట్టాల వెంట నడిచేవాడు. వంతెనల మీద గర్డర్లు స్తంభాలపై ఆనే చోట ఉండే బేరింగులకు మూడేళ్లకోసారి గ్రీజు పెట్టాలన్నది రైల్వే నియమం. ఎండకు గర్డరు సాగుతుంది, చలికి ముడుచుకుంటుంది. బేరింగు బిగుసుకుపోతే ఆ ఒత్తిడంతా రాతికట్టు మీద పడుతుంది. రైలు పోకపోయినా ఎండా వానా ఆగవు కదా. ఆగిపోయింది ఆ కీమ్యాన్ నడక ఒక్కటే. నాకు అన్నిటికంటే బాధ కలిగించింది ఇదే.

అఖండ గోదావరి పర్యాటక ప్రాజెక్టుకు 2025 జూన్‌లో శంకుస్థాపన జరిగింది. రూ.94.44 కోట్ల ఆ ప్రాజెక్టులో ఈ వంతెన కూడా ఉందని తెలిసినప్పుడు నిజంగా సంతోషించాను. పాత ఇనుము కింద అమ్మేస్తారన్న మాటలు విన్నవాళ్లం మేము! అందుకే అడుగుతున్నాను. రంగురంగుల లైట్లు, నడకదారి, సెల్ఫీ పాయింట్లు తర్వాత. ముందు తుప్పు గీకించి, ప్రైమర్ కొట్టి, రంగు వేయించండి. ప్రారంభోత్సవం అయ్యాక ఏటా మెయింటెనెన్స్‌కు డబ్బు ఎంత, అది ఏ పద్దు నుంచి వస్తుంది, చూసే అధికారి ఎవరు అన్నది వంతెన మొదట్లో బోర్డు మీద తెలుగులో రాయించండి. జనాన్ని పైకి ఎక్కించే ముందు తనిఖీ నివేదికను అందరికీ అందుబాటులో పెట్టండి. పిల్లల చేయి పట్టుకుని నడిచేవాళ్లకు అది తెలిసి తీరాలి. రిటైరైన బ్రిడ్జి సిబ్బంది ఇంకా మన మధ్యే ఉన్నారు. గర్డరును సుత్తితో తట్టి, చప్పుడు విని లోపం చెప్పగలిగిన అనుభవం వాళ్లది. వాళ్లను పిలిచి ఒక్కసారి చూపించండి.

ఇవన్నీ టెండర్లు దాటి రావడానికి టైం పడుతుందని తెలుసు. ఆ రావి మొక్కకు మాత్రం ఏ టెండరూ అక్కర్లేదు. ఈ వానాకాలం ముదిరేలోపు ఎవరినైనా పంపి పీకించండి.

– ఒక పాఠకుడు