రాష్ట్రపతి ప్రమాణాన్ని మమ్మల్ని విననివ్వండి

కేంద్ర సమాచార, ప్రసార శాఖ మంత్రి గారికి నమస్కారములు.

2027 జూలైలో ద్రౌపది ముర్ము గారి అయిదేళ్ల పదవీకాలం ముగుస్తుంది. ఆ వెంటనే జరిగే రాష్ట్రపతి ప్రమాణ స్వీకారాన్ని టీవీలో చూపే తీరు గురించి, వ్యవధి ఉండగానే ఒక విన్నపం చేసుకోవాలని చెన్నై పెరంబూరు నుంచి ఈ లేఖ రాస్తున్నాను.

2022 జూలై 25న పార్లమెంటు సెంట్రల్ హాలులో జరిగిన ప్రమాణ స్వీకారాన్ని మా ఇంటిల్లిపాదీ ఒక తెలుగు వార్తా చానల్‌లో చూశాం. ఒక ఆదివాసీ మహిళ తొలిసారి ఆ పీఠం ఎక్కుతున్నారని, ఆమె చేత ప్రమాణం చేయిస్తున్న ప్రధాన న్యాయమూర్తి ఎన్.వి. రమణ గారు మన తెలుగువారని మా అమ్మ వంట పని పక్కన పెట్టి మరీ టీవీ ముందు కూర్చుంది. తీరా ప్రమాణం మొదలయ్యాక కూడా వ్యాఖ్యాత మాట ఆపలేదు. గిరిజన ఓట్లు ఏ రాష్ట్రంలో ఏ పార్టీకి కలిసివస్తాయన్న లెక్కలు, ఆకుపచ్చ ఎరుపు అంచుల తెల్లచీర గురించిన వర్ణనలు ఆ ప్రమాణం మీదుగానే సాగిపోయాయి. ప్రమాణం ముగిశాక పదవి దిగిన కోవింద్ గారు, కొత్త రాష్ట్రపతి కుర్చీలు మార్చుకున్నప్పుడు, "వాళ్లిద్దరూ ఎందుకు లేచారు?" అని అమ్మ అడిగింది. దేశ అత్యున్నత పదవి చేతులు మారిందనడానికి కంటికి కనిపించే గుర్తు అదొక్కటే అయినా, స్టూడియోలో ఒక్కరూ దాని ఊసెత్తలేదు. "జోహార్" అంటూ మొదలైన హిందీ ప్రసంగానిదీ అదే గతి. తమ ఊరి నుంచి కాలేజీ చదువుకు వెళ్లిన మొదటి ఆడపిల్ల తానేనని ఆమె చెప్పిన మాట, మరునాడు పత్రికలో చదివితే గాని అమ్మకు తెలియలేదు.

రాజకీయ విశ్లేషణకు రోజంతా ఉంది, దానిని ఎవరూ కాదనరు. రాజ్యాంగం 60వ అధికరణం నిర్దేశించిన ఆ ప్రమాణానికి పట్టేది మాత్రం కొద్ది క్షణాలే. మంత్రులు రాజ్యాంగం పట్ల విధేయులమై ఉంటామని ప్రమాణం చేస్తే, రాష్ట్రపతి ఆ రాజ్యాంగాన్నీ చట్టాన్నీ పరిరక్షిస్తానని, ప్రజల సేవకు, శ్రేయస్సుకు అంకితమవుతానని ప్రమాణం చేస్తారు. వ్యాఖ్యాత ముందుగానే ఈ తేడా చెప్పి, ఆ క్షణాల్లో మౌనంగా ఉంటే, చూసే పిల్లలకు పౌరశాస్త్రంలో ఒక పాఠం కళ్లముందు జరిగినట్టే. రాధాకృష్ణన్, వి.వి. గిరి, నీలం సంజీవరెడ్డి గార్లను ఆ పదవిలో చూసిన తెలుగువారికి ఇది పరాయి సంగతి కాదు. రాధాకృష్ణన్ గారు నివసించిన వీధి ఈనాటికీ మా చెన్నైలో ఆయన పేరుతోనే ఉంది.

కాబట్టి వచ్చే ప్రమాణ స్వీకారానికి డీడీ సప్తగిరి, డీడీ యాదగిరి చానళ్లలో రాజ్యాంగం తెలిసినవారి చేత తెలుగు వ్యాఖ్యానం చెప్పించండి. ప్రమాణ పాఠాన్నీ, తొలి ప్రసంగాన్నీ తెర మీద తెలుగు అక్షరాల్లో చూపించండి. కేబుల్ ప్యాకేజీలో తెలుగు చానళ్లు కొన్నే వచ్చే మాబోటి పొరుగు రాష్ట్రాలవారి కోసం అదే ప్రసారాన్ని యూట్యూబ్‌లోనూ ఉంచండి. రోజుకు 30 నిమిషాలు ప్రజా ప్రయోజన అంశాలకు కేటాయించాలని 2022లో మీ శాఖే ప్రైవేటు చానళ్లకు మార్గదర్శకాలిచ్చింది. ప్రమాణ సమయంలో వ్యాఖ్యానం, స్క్రోలింగ్, ప్రకటనలు ఆపాలని వాటికి ఒక సూచన పంపడం మీ శాఖకు కష్టమేమీ కాదు. అది ఎన్నిక నోటిఫికేషన్ వెలువడేలోపే చానళ్లకు చేరేలా చూడవలసిందిగా కోరుతున్నాను.

ఇట్లు
ఒక తెలుగు ప్రేక్షకుడు,
పెరంబూరు, చెన్నై