బ్లాకు రంగు సరే, దాని కింద మొరం ఎంత?

సంపాదకులకు నమస్కారం.

మీ పత్రిక ఆదివారం ఇంటి పేజీలో వాకిట్లో పరిచే పేవర్ బ్లాకుల గురించి రాశారు. ఏ రంగు బాగుంటుంది, జిగ్‌జాగ్ వేయాలా, ఐ షేపు వేయాలా అని ఫోటోలతో సహా ఇచ్చారు. చదరపు అడుగు ధర కూడా ఇచ్చారు. ఆ బ్లాకు దేని మీద కూర్చుంటుందో మాత్రం ఒక్క వాక్యం లేదు. నేను మహారాష్ట్రలోని ధర్మాబాద్‌లో తాపీ మేస్త్రిని. బిలోలి, ఉమ్రి, ఇటు బాసర దాకా ఇళ్ల పనులు చేస్తుంటాను. ఆ పేజీ మడిచి జేబులో పెట్టుకొచ్చి ‘ఈ రేటుకు చేస్తావా’ అని అడిగేవాళ్లు అప్పుడే మొదలయ్యారు కాబట్టి ఈ ఉత్తరం రాస్తున్నాను.

మాది నల్లరేగడి. పత్తికి, సోయాకు, మిరపకు బంగారం లాంటి నేల. అదే నేల మీద వాకిలి వేస్తే ఏడిపిస్తుంది. రోహిణి ఎండలకు చెయ్యి దూరేంత బీటలిస్తుంది, నాలుగు వానలు పడగానే ఉబ్బి ఆ బీటలన్నీ మూసేస్తుంది. ఇందులో మాంట్‌మొరిల్లొనైట్ అనే ఖనిజం ఉంటుంది. అది తన పొరల మధ్య నీళ్లు పట్టి ఉబ్బుతుంది, ఎండితే ముడుచుకుంటుంది. ఏటా ఇదే తంతు. ఇంటికి బరువుంది, పునాది లోతుకు పోతుంది. వాకిలికి ఆ బరువూ లేదు, లోతూ లేదు. అందుకే మట్టి ముందు దాన్నే లేపుతుంది. అది కూడా అంచుల దగ్గర మొదలవుతుంది. నడుమ కప్పి ఉన్నచోట తేమ అంతగా మారదు, అంచులకే ఎండా వానా రెండూ తగులుతాయి.

మీ మట్టి ఎంత ఉబ్బే రకమో చూసుకోవచ్చు. కాలువ పనులకు పోయే రోజుల్లో ఒక ఇంజినీరు సారు చూపించాడు. మట్టిని బాగా ఎండబెట్టి, పొడి చేసి, సన్నగా జల్లించి, గీతలున్న రెండు గాజు గొట్టాల్లో పదేసి గ్రాములు వేయాలి. ఒకదాంట్లో నీళ్లు, ఇంకోదాంట్లో కిరోసిన్ పోసి, బుడగలు పోయేలా కలిపి ఒక రోజు వదిలేయాలి. కిరోసిన్‌లో మట్టి ఉబ్బదు. అక్కడ 10వ గీత దగ్గర ఆగిన మట్టి నీళ్లలో 15 దాటిందంటే 50 శాతం కంటే ఎక్కువ ఉబ్బినట్టు. అలాంటి మట్టిని రోడ్డు కట్టకు వాడొద్దని కేంద్ర రోడ్డు రవాణా శాఖ నిబంధనల్లోనే ఉంది. ఈ పరీక్ష మట్టి పరీక్షల భారత ప్రమాణం ఐఎస్ 2720, 40వ భాగంలో ఉంది. ఇప్పుడు కిరోసిన్ దొరకడమే కష్టం, అది వేరే సంగతి.

ఇక పని. నల్లమట్టిని అడుగున్నరైనా తీసెయ్యాలి. గుంత అడుగును తడిపి, తొక్కించి, అప్పుడు మొరం, అంటే ఉబ్బని గరుకు గ్రావెల్ మట్టి పోయాలి. ఒకేసారి కాదు. ఆరంగుళాల పొర, నీళ్లు, రోలర్, మళ్లీ పొర. అడుగు మందం ఒకేసారి పోస్తే పైన రోలర్ ఎంత తిప్పినా కింది సగం లూజుగానే ఉంటుంది. నీళ్లకూ లెక్కుంది. పిడికిట్లో పట్టి నొక్కితే ముద్ద కావాలి, చేతికి బురద అంటకూడదు. మా తాతల కాలంలో కల్లం చేసేటప్పుడు నీళ్లు చల్లి ఎద్దులతో తొక్కించేవాళ్లు. ఎంత తడికి ఎద్దులను దింపాలో వాళ్లకు చూపుతోనే తెలిసేది. ఇప్పుడు ట్యాంకర్ పైపు వదిలేసి టీకి పోతున్నారు.

మొరం మీద కంకర, డస్ట్ (క్రషర్‌లో వచ్చే రాతి పొడి) కలిపిన పొర నాలుగంగుళాలు. దాని మీద ఇసుక అంగుళం, మహా అయితే అంగుళంన్నర. బ్లాకులు పరిచే పనికి ఇండియన్ రోడ్స్ కాంగ్రెస్ ఇచ్చిన మార్గదర్శిక ఎస్‌పీ 63లో కూడా 20 నుంచి 40 మిల్లీమీటర్లే. మా దగ్గర మాత్రం కింద ఎగుడుదిగుడులన్నీ డస్ట్‌తో నాలుగైదు అంగుళాలు నింపి లెవల్ చేసే అలవాటు ఉంది. అసలు మోసం అక్కడే. అప్పగించిన రోజు దారం పట్టి చూసినా తప్పు దొరకదు. వానాకాలం పోయేసరికి కారు చక్రాల దారిలో గాడి పడుతుంది. బ్లాకు 60 ఎంఎం వద్దు, 80 కావాలని పట్టుబట్టేవాళ్లకు నా మాట ఒకటే: ఇంటి కారుకు 60 చాలు, ఆ తేడా డబ్బు మొరంలో పెట్టండి. చుట్టూ కాంక్రీటు అంచు కట్టాలి, లేకుంటే బ్లాకులు పక్కకు జరుగుతాయి. ఇంటి గోడ నుంచి బయటికి పది అడుగులకు రెండంగుళాలైనా వాటం ఉండాలి. మిద్దె మీది వాన పైపును, బాత్‌రూం నీళ్లను ఆ అంచు పక్కనే వదిలితే పైన చెప్పినవన్నీ చేసినా దండగే.

ఇలా చేస్తే ఎప్పటికీ లేవదా అంటే, నేను హామీ ఇవ్వను. బొంబాయి ఐఐటీలో ప్రొఫెసర్ ఆర్.కె. కట్టి పరిశోధన వల్ల కాలువల అడుగున ఉబ్బని మట్టి పొర వేసే పద్ధతి వచ్చింది. అది పూర్తిగా పనిచెయ్యాలంటే మీటరు మందం దాకా పోవాలి. వాకిలికి ఎవరూ అంత పెట్టరు, పెట్టమని నేనూ చెప్పను. అందుకే నల్లరేగడిలో సిమెంట్ స్లాబు కంటే బ్లాకులే మేలంటాను. ఒకచోట లేస్తే పీకి, సరిచేసి, అవే మళ్లీ పరచొచ్చు. స్లాబు పగిలితే పగిలిందే.

ఇంకో సంగతి, దీన్ని ఎవరూ పట్టించుకోరు. అందరికీ ఎండాకాలంలోనే పని కావాలి. పెళ్లిళ్లు, గృహప్రవేశాలు అప్పుడే కదా. కానీ నల్లమట్టి పూర్తిగా ముడుచుకుపోయి ఉండేదీ అప్పుడే. దాని మీద పరిస్తే, తర్వాత పడే ప్రతి వానా దాన్ని పైకే నెడుతుంది. కార్తీకం నుంచి సంక్రాంతి లోపు నేల తడీపొడిగా ఉంటుంది, పనికి అదే అదును. ఆ రోజుల్లో కూలీలు పత్తి ఏరడానికి పోతారు, దొరకరు. నిజమే, ఆ ఇబ్బంది నాకూ ఉంది.

ఇప్పుడు మీరిచ్చిన ధర దగ్గరికి వస్తాను. మహారాష్ట్ర వైపు మొరం బ్రాసుల్లో అమ్ముతారు. బ్రాసంటే వంద క్యూబిక్ అడుగులు. 20 అడుగుల పొడవు, 15 అడుగుల వెడల్పు వాకిలికి అడుగు మందం మొరం అంటే, తొక్కించాక 300 క్యూబిక్ అడుగులు ఉండాలి. లూజు మొరం తొక్కిస్తే నాలుగో వంతు దాకా తగ్గుతుంది కాబట్టి నాలుగు బ్రాసులు దింపాలి. మీ చదరపు అడుగు ధరలో ఈ నాలుగు బ్రాసులు ఎక్కడున్నాయి? తవ్వకం, రోలర్ బాడుగ ఎక్కడున్నాయి? ఆ రేటు చూసి బేరమాడితే రెండు బ్రాసులు దింపి మిగతాది డస్ట్‌తో కప్పేవాడికే పని దక్కుతుంది. ఆ డబ్బుకు వాడు మాత్రం ఇంకేం చేస్తాడు?

మళ్లీ రాసేటప్పుడు నేల కింది ఖర్చు, నేల పైది విడివిడిగా ఇవ్వండి. మా ఊళ్ల గల్లీల్లో గ్రామపంచాయతీలు కూడా బ్లాకులు పరిపిస్తున్నాయి. పని బోర్డు మీద మొత్తం ఖర్చుతో పాటు కింది పొరల మందం కూడా రాయాలని మీరు గట్టిగా అడిగితే బాగుంటుంది. వాకిలి వేయించుకునేవాళ్లు, మొరం అయిపోయిందని మేస్త్రి చెప్పగానే, ఇసుక పోయకముందే, ఒక మూల గడ్డపారతో తవ్వించి టేపు పెట్టి చూడాలి. తవ్వనివ్వను అన్నవాడికి అక్కడితో లెక్క తేల్చి పంపెయ్యండి, ఆ మేస్త్రి నేనైనా సరే.

ఇట్లు,
ఒక తాపీ మేస్త్రి,
ధర్మాబాద్, నాందేడ్ జిల్లా