చిత్రగుప్తుడు ఇక్కడ కూడా ఉన్నాడు మామా

సియెం రీప్, కంబోడియా
డిసెంబరు, రాత్రి పదకొండు దాటింది

ఒరేయ్ మామా,

ముందు నిన్ను తిట్టేసి తర్వాత కబుర్లు చెబుతాను. టికెట్లు బుక్ చేద్దామనుకున్న ముందు రోజు ఫోన్ చేసి "లీవు ఇవ్వట్లేదురా" అన్నావు చూడు, ఆ పాపం ఊరికే పోదు. ఎందుకంటే మొన్న ఇక్కడి గోడ మీద యముణ్ణి, చిత్రగుప్తుణ్ణి కళ్ళారా చూశాను. లెక్కలు పక్కాగా రాసుకుంటున్నారు. నీ పేరు ప్రత్యేకంగా చెప్పి వచ్చాను.

ఇదంతా వాట్సాప్‌లో చెప్పొచ్చు కదా అంటావు. ఫోటోలు పంపితే నువ్వొక బొటనవేలు చూపించి ఊరుకుంటావని నాకు తెలుసు. అందుకే హాస్టల్ మేడ మీద కూర్చుని కాగితాలు ముందేసుకున్నాను. కింద గదిలో ఎనిమిది మంచాలు, అందులో ఒకాయన గురక మా ఊరి పిండిమరని గుర్తుచేస్తోంది. ఎలాగూ నిద్ర రాదు.

వియత్నాంలోని హో చి మిన్ సిటీలో పొద్దున్నే బస్సెక్కితే మధ్యాహ్నం మూడింటికి కంబోడియా రాజధాని నాంపెన్‌లో దిగాను. దారిలో బవెట్ దగ్గర సరిహద్దు. బస్సులో కుర్రాడు అందరి పాస్‌పోర్టులూ పోగేసి, రబ్బరు బ్యాండు చుట్టి, చేతిలో పట్టుకుని జనంలోకి మాయమైపోయాడు. మన ప్రాణమంతా ఆ కట్టలో ఉందిరా! ఆ నలభై నిమిషాలు నాకు పుట్టిన టెన్షన్ ఇంటర్ రిజల్ట్స్ రోజున కూడా లేదు. చివరికి ఒక్కొక్కరినీ పేరుపెట్టి పిలవడం మొదలుపెట్టారు. మా ఇంటిపేరు వాళ్ళ నోట్లో పడి ఏమైపోయిందో ఏమో, నాకు తెలియనే లేదు. అందరూ తీసేసుకున్నాక ఇంకా ఒకటి మిగిలితే, అది నాదని అప్పుడు అర్థమైంది.

నాంపెన్ గురించి ఎక్కువ రాయలేను. తువోల్ స్లెంగ్ చూశాను. అది ఒకప్పుడు హైస్కూలు. మనం చదివిన బడి ఎలా ఉండేదో అలాగే ఉంది. పొడుగాటి వరండాలు, వరసగా తరగతి గదులు, ఆవరణలో చెట్లు. 1975 ఏప్రిల్‌లో ఖ్మేర్ రూజ్ అనే కమ్యూనిస్టు సేనవాళ్ళు ఊరు పట్టుకున్నాక దాన్ని జైలు చేశారు. లోపలికి వెళ్ళినవాళ్ళు వేలల్లో, ప్రాణాలతో బయటపడినవాళ్ళు వేళ్ళ మీద లెక్కపెట్టేంతమంది. లోపలికి తెచ్చిన ప్రతి మనిషికీ ఫోటో తీసి పెట్టుకున్నారు. ఆ ఫోటోలే ఇప్పుడు గదుల నిండా ఉన్నాయి. రెండో అంతస్తు వరకు వెళ్ళి వెనక్కి వచ్చేశాను. బయట టుక్‌టుక్ ఆయన నా మొహం చూసి ఏమీ అడగకుండా నీళ్ళ సీసా ఇచ్చాడు. అరవై పైనే ఉంటాయి ఆయనకి. అప్పటినుంచి ఆ వయసువాళ్ళు ఎవరు కనబడ్డా, ఆ ఖ్మేర్ రూజ్ పాలనలో, 75 నుంచి 79 దాకా ఈయన ఎక్కడున్నాడో, ఎలా బతికాడో అన్న ఆలోచనే.

సరే, సియెం రీప్‌కి వద్దాం.

ఇక్కడ సొంత డబ్బు రియల్. డాలరుకి అటూ ఇటూగా 4 వేలు. కానీ డాలర్లు కూడా చక్కగా నడుస్తాయి, చిల్లర మాత్రం రియల్స్‌లో ఇస్తారు. ఐదు డాలర్లు ఇచ్చి భోజనం చేస్తే తిరిగి జేబు నిండా నోట్లు వస్తాయి, ఒక్క క్షణం కోటీశ్వరుడివి. ఒక్క జాగ్రత్త చెబుతాను విను. నోటుకి రవ్వంత చిరుగు ఉన్నా, మడత దగ్గర నలిగినా ఎవరూ ముట్టుకోరు. బయల్దేరే ముందు మన దగ్గర ఒక దుకాణంలో మార్చిన వంద డాలర్ల నోటుకి మూల చిరిగి ఉంది. నేను చూసుకోలేదు, వాడు చెప్పలేదు. దాన్ని నాలుగు చోట్ల ఇవ్వబోయాను. నలుగురూ దాన్ని దీపానికి ఎదురుగా పట్టుకుని, నవ్వి, రెండు చేతులతో మర్యాదగా వెనక్కి ఇచ్చేశారు. ఇప్పుడది నా డైరీలో పేజీ గుర్తుగా పనికొస్తోంది. ఎనిమిదివేల రూపాయల పేజీ గుర్తు!

ఇక్కడి అంకోర్ గుళ్ళకి టికెట్టు ఒక రోజుకి 37 డాలర్లు, మూడు రోజులకి 62, వారానికి 72. మూడు రోజులది తీసుకున్నాను. అది పది రోజుల్లో ఎప్పుడైనా వాడుకోవచ్చు. నా ఫోటో తీసి టికెట్టు మీద అచ్చేశారు. ఆధార్ ఫోటోకి చెల్లెలు లాంటి ఫోటో.

మొదటి రోజు అందరిలాగే సూర్యోదయం పిచ్చిలో నాలుగున్నరకి లేచాను. చీకట్లో అంకోర్ వాట్ కందకం మీద నడుస్తుంటే పెద్ద చెరువేమో అనుకున్నాను. వెడల్పే 190 మీటర్లట. లోపల కోనేటి గట్టున అప్పటికే తిరునాళ్ళు. వందల మంది, వందల ఫోన్లు. అందరూ ఆ ఐదు గోపురాల నీడ నీళ్ళలో పడే ఫోటో కోసమే. డిసెంబరు కదా, సూర్యుడు గోపురాల నడుమ నుంచి రాకుండా బాగా కుడిపక్కన, చెట్ల వెనక నుంచి వచ్చాడు. అదీ మబ్బుల్లోంచి. గుడికి సూటిగా ఎదురుగా ఉదయించేది మార్చి, సెప్టెంబరుల్లో పగలూ రాత్రీ సమానంగా ఉండే రోజుల్లోనట. నా పక్కనున్న ఆవిడ తెగ నిట్టూర్చింది. నన్నడిగితే ఆ సూర్యోదయం మానేసి ఇంకో గంట పడుకున్నా ఏమీ నష్టం లేదు.

అసలు సంగతి తర్వాత జరిగింది. వెలుతురు రాగానే ఆ జనమంతా టిఫిన్లకి పోయారు. ఏడున్నరకి చుట్టు మండపాల్లో నేనూ, చీపురుతో ఒకామె, అంతే. గుడి పడమటి ముఖంగా ఉంటుంది. పడమటి వాకిట్లోంచి కుడికి తిరిగితే కురుక్షేత్రం మొదలు. అంటే గుడిని ఎడమచేతి వైపు పెట్టుకుని తిరగాలన్నమాట, పూర్తిగా అప్రదక్షిణం. ఇది 12వ శతాబ్దంలో రెండో సూర్యవర్మ విష్ణువుకి కట్టించిన గుడి. ఇలా తిరగాల్సి రావడాన్నిబట్టి దీన్ని రాజు సమాధిగా కూడా అనుకున్నారని పండితులు అంటారు. నాకు మాత్రం మొదటి పది అడుగులూ కాళ్ళు అడ్డం తిరిగాయి. చిన్నప్పుడు గుళ్ళో ఇటు తిరిగితే మీ నాయనమ్మ నెత్తిన మొట్టేది కదా!

అంపశయ్య మీద భీష్ముడు ఉన్నాడురా. ఏ బోర్డూ చదవకుండానే గుర్తుపట్టాను. ఇంకొంచెం ముందుకెళ్తే అర్జునుడి రథం, పగ్గాలతో కృష్ణుడు. తెలిసిన మనుషులు ఎదురుపడినట్టు అనిపించి గట్టిగా "అదిగో!" అన్నాను. చీపురామె తిరిగి చూసింది. ఒంటరి ప్రయాణంలో నాకు అన్నీ బాగానే ఉన్నాయి. ఎక్కడ కావాలంటే అక్కడ ఆగడం, ఎవరికీ సమాధానం చెప్పక్కర్లేకపోవడం, అన్నీ. ఆ "అదిగో" అన్నమాట ఒక్కటే నోట్లోంచి వచ్చి ఎక్కడా వాలకుండా పోతుంది.

దక్షిణం గోడ మీద స్వర్గాలు, నరకాలు. 37 స్వర్గాలు, 32 నరకాలు. దున్నపోతు మీద బోలెడు చేతులతో యముడు. తీర్పు చెప్పేచోట చిత్రగుప్తుడు. స్వర్గాల్లో అందరూ ఒకేలా కూర్చుని ఉన్నారు, రెండు నిమిషాల్లో బోర్ కొట్టింది. శిల్పి ఒళ్ళు మరిచి చెక్కింది నరకాలే. వాటికి పాత ఖ్మేర్ భాషలో పేర్లు కూడా రాశారు. అవీచి, వైతరణి, రౌరవం, కుంభీపాకం. మీ తాతయ్య మనల్ని బెదిరించడానికి వాడిన జాబితాయే కదూ!

తూర్పు వైపు తిరిగానంటే అసలుది. క్షీరసాగర మథనం. ఒకే శిల్పం 49 మీటర్ల పొడుగు. నడుమ తాబేలు, దాని పైన విష్ణువు. ఎడమ పక్కన వాసుకి తలల వైపు 92 మంది రాక్షసులు, కుడి పక్కన తోక వైపు 88 మంది దేవతలు. పైన అప్సరసలు ఎగురుతుంటే, కింద నీళ్ళలో మొసళ్ళు, చేపలు. అటు చివర నుంచి ఇటు చివరకి మూడుసార్లు నడిచాను. గుర్తుందా, వేసవి సెలవుల్లో మీ తాతయ్య అరుగు మీద ఈ కథ చెప్పాక, మనం బావి చేంతాడు తెచ్చి రోలుకి చుట్టి లాగడం? నువ్వు ఒక్కనాడైనా రాక్షసుల వైపు నిలబడ్డావా? ఇల్లు మీది, తాడు మీది, కాబట్టి దేవతలూ మీరే. నేను ఎప్పుడూ తలకాయ వైపే. ఇక్కడ ఆ 92 మందినీ చూస్తే నాకెంత బాగా అనిపించిందో! ఒక్కొక్కడూ ఒడ్డూ పొడుగూ, పనితనం అంతా వాళ్ళదే అన్నట్టు ఉన్నారు.

మర్నాడు సైకిల్ అద్దెకి తీసుకుని పాత రాజధాని అంకోర్ థోమ్ వెళ్ళాను. దక్షిణ ద్వారం దగ్గర కందకం మీద వంతెనకి ఆ పక్క 54 మంది దేవతలు, ఈ పక్క 54 మంది రాక్షసులు పాముని పట్టుకుని ఉంటారు. దారిన పోయే ఒకాయన్ని బతిమాలి, రాక్షసుల వరసలో నిలబడి ఫోటో తీయించుకున్నాను. అది మీ తాతయ్యకి చూపించు. లోపల బయోన్ గుడిలో ఏ మూల నిలబడినా పైనుంచి ఒక రాతి ముఖం మనల్ని చూసి నవ్వుతుంటుంది. ఏడో జయవర్మ కట్టించాడు. బాగుంది గానీ, నాకు అరగంటకే ఎవరో నా తప్పు కనిపెట్టినట్టు అనిపించి బయటికి వచ్చేశాను.

తా ప్రోమ్ గుడి అలా కాదు. గోడల మీద మర్రి జాతి చెట్లు ఎక్కి కూర్చుని, వేళ్ళు కిందికి కారుస్తూ, గుడిని పట్టుకున్నాయో మింగుతున్నాయో తెలియకుండా ఉంటాయి. 1186లో జయవర్మ తన తల్లి పేరిట ప్రతిష్ఠించిన గుడి. ఆ శాసనంలో లెక్క విను. గుడి సేవకి 3,140 ఊళ్ళు, 79,365 మంది జనం. అందులో నాట్యకత్తెలే 615 మంది. ఇప్పుడు అక్కడ కోతులు కూడా పెద్దగా లేవు. నడుస్తుంటే ఒక మండపం దగ్గర మన మూడురంగుల జెండా ఉన్న బోర్డు కనిపించింది. మన పురావస్తు శాఖవాళ్ళు ఇరవై ఏళ్ళ కిందట ఇక్కడ పని మొదలుపెట్టారు. కూలిన రాళ్ళని ఏరి, ఏది ఎక్కడిదో పోల్చుకుని మళ్ళీ పేర్చే పని. చెట్టు కొట్టేస్తే గోడ పడిపోతుంది, ఉంచితే గోడని పగలగొడుతుంది. మీ ఉమ్మడి కుటుంబం ఆస్తి తగాదాలాంటిదే, ఎటు కదిపినా నష్టమే. అంతకుముందు 1986 నుంచి 93 దాకా అంకోర్ వాట్‌ని బాగుచేసిందీ మనవాళ్ళే. దేశంలో ఇంకా తుపాకులు పేలుతున్న రోజులవి.

గుడి బయటి దారిలో మందుపాతరల్లో కాళ్ళూ కళ్ళూ పోయినవాళ్ళు చాప పరుచుకుని వాయిద్యాలు వాయిస్తుంటారు. ఎదురుగా వస్తున్నవాడి దేశం చూపులతోనే పసిగట్టి ఆ దేశం పాట ఎత్తుకుంటారట. నన్ను చూసి ఒక హిందీ పాట మొదలుపెట్టారు. తెలుగు పాట ఒకటి నేర్పుదామనుకున్నాను. నా గొంతు సంగతి నీకు తెలుసు, మానేశాను.

సైకిల్ పంక్చర్, ఎండలో మూడు కిలోమీటర్లు తోయడం, అదంతా వదిలెయ్.

ఇవాళ బాంతే స్రెయ్ గుడి. ఊరికి దాదాపు 35 కిలోమీటర్లు, అందుకని టుక్‌టుక్. దారిలో బుర్ర ఆగిపోయింది మామా. పొలాల గట్ల మీద తాటిచెట్లు! ఒకటీ రెండూ కాదు, బాపట్ల రోడ్డులో వెళ్తున్నట్టే. తాటిచెట్టు ఈ దేశపు జాతీయ వృక్షమట. ప్రెయా దాక్ అనే ఊళ్ళో రోడ్డు పక్కన పెద్ద మూకుళ్ళలో తాటి నీరా కాచి బెల్లం చేస్తున్నారు. చిన్న చిన్న బిళ్ళలు, తాటాకు పొట్లాల్లో. నోట్లో వేసుకున్నాను, అచ్చం మన తాటిబెల్లం. అమ్మే పెద్దావిడకి మాకూ ఈ చెట్టు ఉందని సైగలతో చెప్పబోయాను. ముంజల్ని బొటనవేలితో పొడిచి తాగడం నటించి చూపించాను. ఆవిడ పడీ పడీ నవ్వి, పక్కింటావిడని పిలిచి నాచేత మళ్ళీ చేయించింది.

గుడి చిన్నదే. 967లో కట్టారు. కట్టించింది రాజు కాదు, యజ్ఞవరాహుడనే రాజగురువు. గులాబీరంగు ఇసుకరాయి, కొయ్యలో చెక్కినంత సన్నని పని. కైలాసాన్ని ఊపుతున్న రావణుడు, వాలి సుగ్రీవుల కుస్తీ, ఖాండవ దహనం. అంకోర్ వాట్ పెద్దదే, కానీ మనసు ఇక్కడే ఉండిపోయింది. నువ్వు వస్తే ముందు ఇక్కడికే తీసుకొస్తాను.

ఇక తిండి. చేపని కొబ్బరిపాలలో ఉడికించి అరిటాకు దొప్పలో ఇస్తారు, అమోక్ అంటారు. బాగుంది, కారం మాత్రం సున్నా. చింతపండు పులుసు కూడా ఉంది. అది తాగిన రోజు కాస్త ప్రాణం లేచొచ్చింది. ప్రహోక్ అని చేపల్ని ఊరబెట్టిన ముద్ద ఉంటుంది. ఒక్క ముద్ద తిని, ఆ రాత్రంతా అమ్మ ఇచ్చిన కందిపొడి వాసన చూస్తూ పడుకున్నాను. ఇక్కడ అన్నాన్ని "బాయ్" అంటారు. మనిషి కనబడితే "అన్నం తిన్నావా" అని అడగడం వీళ్ళకీ అలవాటే. హాస్టల్ కింద కాపలా తాత రోజూ రాత్రి అదే అడుగుతాడు. తిన్నానంటే తల ఊపుతాడు, లేదంటే ఊరుకోడు. వారాల పేర్లు కూడా ఆయనే నేర్పాడు. ఆదివారం "ఆతిత్", సోమవారం "చాన్", మంగళవారం "అంకియా", బుధవారం "పుత్". మన ఆదిత్యుడు, చంద్రుడు, అంగారకుడు, బుధుడేరా. రేపు ఏం వారమో ఆయన్నే అడగాలి. తిరగడం మొదలుపెట్టాక నాకు వారాలు పోయాయి.

టికెట్టుకి మూడు రోజులూ అయిపోయాయి. కానీ ఒక సంగతి తేలక బుర్ర తొలిచేస్తోంది. ఆ మథనం శిల్పంలో దేవతల వరసకి చిట్టచివర, వాసుకి తోక పట్టుకుని పెద్ద కోతిముఖం ఆయన ఉన్నాడు. అందరూ హనుమంతుడనే అంటున్నారు. మథనం జరిగింది కృతయుగంలో కదా, హనుమంతుడు అక్కడికి ఎలా వచ్చాడు? మీ తాతయ్య ఈ కథ వందసార్లు చెప్పాడు, ఒక్కసారి కూడా హనుమంతుడి మాట ఎత్తలేదు. ఆదివారం ఊరెళ్ళినప్పుడు ఫోటో చూపించి అడుగు. అడిగేటప్పుడు చెవి మిషన్ పెట్టుకోమను, లేకపోతే ఆయన నరసింహావతారం మొదలుపెడతాడు.

ఉంటాను మరి. కందిపొడి అయిపోవచ్చిందని మా అమ్మకి మాత్రం చెప్పకు.

నీ
రాక్షసుల వైపువాడు