పది రూపాయల వాషరు కోసం వెయ్యి లీటర్లు

సంపాదకుల వారికి నమస్కారం.

వేసవి నీటి పొదుపు మీద మీ పత్రిక ఇటీవల ఇచ్చిన సూచనల్లో మొదటిది, కారుతున్న కుళాయిని వెంటనే బాగు చేయించుకోమన్నది. అది చదివాకే మా స్నానాలగది కుళాయి మీద నాకు దృష్టి పడింది. సంక్రాంతి నుంచి కారుతూనే ఉంది. ఎంత పోతున్నదో తెలుసుకుందామని ఒక సాయంత్రం ఆరింటికి 16 లీటర్ల బకెట్టు పెట్టాను. తెల్లవారి ఆరింటికి సగం నిండింది. రోజుకు 16 లీటర్లు. రెండు నెలలకు దాదాపు వెయ్యి. నీళ్లు వచ్చే రోజును బట్టి బట్టలు ఉతుక్కునే మా ఒంగోలులో ఇది ఊరుకోదగిన సంగతి కాదు. మరునాడే ప్లంబరును పిలిపించాను.

అతను చూసి, "వాషరు అరిగిందమ్మా, పది రూపాయల పని" అన్నాడు. నిజంగా అంతే. కుళాయి లోపల తిరిగే కడ్డీ (స్పిండిల్) కొసన చిన్న రబ్బరు బిళ్ల ఉంటుంది, అదే వాషరు. మనం కుళాయి కట్టినప్పుడల్లా అది ఇత్తడి అంచు మీద అదుముకుని నీటిని ఆపుతుంది. ఏళ్ల తరబడి అదిమీ అదిమీ దాని మీద గాడి పడుతుంది. ఆ గాడిలోంచి చుక్క దిగుతుంది. తల విప్పి, బిళ్ల మార్చి, మళ్లీ బిగిస్తే సరి. అయితే విప్పే ముందు పైనుంచి వచ్చే నీటిని ఆపాలి. కష్టం అక్కడ మొదలైంది.

మా ఇల్లు 1993లో కట్టినది. గదికొక వాల్వు పెట్టించాలని అప్పుడు మాకు ఎవరూ చెప్పలేదు. ఇల్లంతటికీ కలిపి డాబా మీద ట్యాంకు కింద ఒకటే గేటు వాల్వు. ముప్పై ఏళ్లలో దాన్ని తిప్పిన గుర్తు నాకు లేదు. ప్లంబరు తిప్పితే చక్రం కొంత తిరిగి ఆగింది, నీళ్లు మాత్రం ఆగలేదు. గేటు వాల్వులో ఒక ఇత్తడి పలక గాడిలోకి దిగి దారి మూయాలి. ఆ గాడిలో సున్నం పేరుకుని రాయిలా గట్టిపడింది. పలక అడుగుదాకా దిగదు. ఇంకొంచెం బలంగా తిప్పమన్నాను. "తిప్పితే మెడ దగ్గర విరుగుతుందమ్మా, అప్పుడు ఆపడానికి ఏమీ ఉండదు" అన్నాడు. అతని మాట విన్నందుకు ఇప్పటికీ సంతోషిస్తున్నాను.

ట్యాంకు ఖాళీ చేయడం తప్ప దారి లేదు. ముందు రోజే నిండిన వెయ్యి లీటర్ల ట్యాంకు అది. బకెట్లు, గంగాళం, పెళ్లినాటి రాగి బిందె, చివరకు పిండి రుబ్బుకునే గిన్నెలు కూడా నింపాను. ఎదురింటి వాళ్లు, పక్కింటి కోడలు వచ్చి బిందెలతో పట్టుకెళ్లారు. మూడు వందల లీటర్లు దక్కి ఉంటాయి. తక్కినవి సైడుకాలువలోకి పోతుంటే నిలబడి చూశాను. నాగార్జునసాగర్ కుడికాలువలో అంత దూరం ప్రయాణించి, ఊరి చెరువుల్లో నిలిచి, శుద్ధి అయి, మా సంపులోకి చేరి, మోటారుతో డాబా ఎక్కిన నీళ్లు అవి. రెండు నెలలు చుక్కచుక్కగా పోయిన నీరు ఒక ఎత్తు, ఆ ఒక్క పూట పోయినది ఒక ఎత్తు.

తీరా తల విప్పబోతే రాలేదు. సున్నం మరల్లో పట్టేసింది. కిరోసిన్ పోసి గంటసేపు ఆగాడు. ఒక రెంచితో కుళాయి ఒంటిని పట్టుకుని, ఇంకో రెంచితో తలను మెల్లగా తిప్పాడు. తల కదలలేదు గాని గోడలో ఏదో పటుక్కుమన్నది. విరిగిన పైపు ముక్కతో సహా కుళాయి అతని చేతికి వచ్చేసింది.

ఆ ముక్కను నేను దాచాను. అరంగుళం పైపులో పెన్సిలు కూడా దూరనంత సందు మిగిలింది. ఈ ఇంట్లో మొదటి పదిహేనేళ్లు అన్ని కుళాయిల్లోనూ బోరు నీళ్లే వచ్చేవి. అప్పట్లో ఒకసారి పరీక్ష చేయిస్తే కాఠిన్యం, అంటే నీటిలో కరిగిన సున్నం వంటి లవణాల పాళ్లు, లీటరుకు 900 మిల్లీగ్రాములు దాటింది. తాగే నీటికి భారత ప్రమాణం 200. వేరే నీరు దొరకని చోట 600 దాకా ఒప్పుకుంటారు. కాఠిన్యం పైపులో సున్నంగా పేరుకుంటుంది. ఆ నీటిలోని ఉప్పు ఇనుప పైపు మీది జింకు పూతను తినేస్తుంది. పూత పోయాక, ఇనుప పైపుకు ఇత్తడి కుళాయి తగిలిన చోట తుప్పు మరీ త్వరగా పడుతుంది. పైగా మర కోసిన చోట పైపు మందం ఎలాగూ తక్కువ. విరిగింది సరిగ్గా అక్కడే. ప్లంబరు తప్పు ఇందులో రవ్వంత కూడా లేదు. మా బంధువుల్లో విన్నవారంతా ముందు అతన్నే నిందించారు కాబట్టి ఈ మాట ప్రత్యేకంగా రాస్తున్నాను.

గోడ కొట్టక తప్పలేదు. ఎక్కడ కొట్టాలి? పైపు కుళాయి నుంచి నిటారుగా పైకి పోతుందనుకుని ఆరు టైల్సు తీయించాం. అక్కడ లేదు. వంటింటి వైపు నుంచి అడ్డంగా వస్తున్నది. మావారు ఈ ఇల్లు కట్టించినప్పుడు రాసిన లెక్కల పుస్తకం బీరువాలో భద్రంగా ఉంది. ఏ రోజు ఎన్ని సిమెంటు బస్తాలు దిగాయో, ఎన్ని కిలోల ఇనుము కొన్నారో, చీమకుర్తి రాయికి ఎంత ఇచ్చారో, పండక్కి మేస్త్రికి పెట్టిన పంచె ఖరీదు ఎంతో అన్నీ ఉన్నాయి. పైపుల దగ్గరకు వచ్చేసరికి 'ప్లంబింగ్ సామాను' అని ఒక మొత్తం, అంతే. ఏ గోడలో ఎటు నడిచాయో ఒక్క గీత లేదు. ఆ రాత్రి పుస్తకమంతా రెండుసార్లు తిరగేశాను. ఆయన ఉండి ఉంటే అడగగానే చెప్పేవారు.

పాత ఇనుప పైపుకు కొత్తగా మర కోస్తే నిలిచే బలం లేదు. పైపు రెండుగా చీలే 'టీ' ముక్క దాకా తీసేసి సీపీవీసీ అనే ప్లాస్టిక్ పైపు వేశారు. అది నేరుగా ఇనుప మరకు ఎక్కదు, మధ్యలో ఇత్తడి మర ఉన్న అడాప్టరు కావాలి. మొదట తెచ్చింది ముప్పావు అంగుళానిది కావడంతో మళ్లీ ట్రంకు రోడ్డుకు పరుగు. అతికించిన జిగురు గట్టిపడేదాకా నీళ్లు వదలకూడదని ఇంకో రాత్రి. నాలుగు రోజులు 86 ఏళ్ల మా అత్తగారిని చెయ్యి పట్టుకుని పక్కింటికి నడిపించాను. మొత్తం 7,850 రూపాయలు అయింది. డబ్బు సంగతి అలా ఉంచండి, ఆవిడ "నా వల్ల నీకెంత శ్రమ" అన్నప్పుడు నాకు ఏడుపు వచ్చింది.

ఇల్లు కట్టుకునే వారినీ, మేస్త్రులనూ, ఇంజినీర్లనూ చేతులు జోడించి అడుగుతున్నాను. ప్రతి స్నానాలగదికీ, వంటింటికీ విడిగా ఒక బాల్ వాల్వు పెట్టండి. పిడిని పావు వంతు తిప్పితే చాలు, నీళ్లు ఆగుతాయి. దాన్ని గోడలో పూడ్చకుండా చెయ్యి అందే చోట ఉంచండి. టైల్సు అతికించే ముందు, పైపులు కనబడుతుండగానే, గోడకు కొలత టేపు ఆనించి ఫొటోలు తీయండి. ఫోను ఎప్పుడైనా పాడవుతుంది కాబట్టి కొలతలు కాగితం మీద కూడా రాసి మీటరు పెట్టె తలుపు లోపల అంటించండి. ఇంటి ప్లానుకు అనుమతి ఇచ్చే అధికారులు గదుల కొలతలూ చుట్టూ వదిలిన ఖాళీ స్థలమూ చూస్తారు. పైపుల దారి గీసిన కాగితం ఒకటి కూడా అడిగితే రాబోయే తరాల వారికి ఎంతో మేలు. సామాను దుకాణాల వారికి కూడా ఒక మనవి: వాషరు కావాలంటే మూడు చోట్ల నన్ను కొత్త కుళాయి కొనుక్కోమన్నారు. దయచేసి వాషర్లు, స్పిండిళ్లు నిలవ ఉంచండి.

మా ట్యాంకు కింద కూడా ఇప్పుడు బాల్ వాల్వే పెట్టించాను. నెలకొకసారి మూసి తెరవాలని క్యాలెండరులో గుర్తు పెట్టుకున్నాను. మా వీధిలో మరో అయిదిళ్ల వారిని వాళ్ల వాల్వులు తిప్పి చూడమన్నాను. మూడిళ్లలో కదలలేదు. అందులో ఒకరి కుళాయి ఇప్పటికే కారుతున్నది. వారు మోటారు వేయకుండా, ట్యాంకు ఖాళీ అయ్యే రోజు కోసం చూస్తున్నారు.

ఇట్లు,
ఒక విశ్రాంత తపాలా ఉద్యోగిని,
లాయరుపేట, ఒంగోలు.