ఇంటర్నల్ పేపర్లు విద్యార్థుల చేతికి ఇవ్వండి

సంపాదకుడు గారికి,

డిగ్రీ కాలేజీల్లో మిడ్ పరీక్షలు, అంటే సెమిస్టర్ మధ్యలో కాలేజీయే పెట్టే ఇంటర్నల్ పరీక్షలు, అయ్యాక ఏం జరుగుతుందో బయటివాళ్లకు పెద్దగా తెలియదు. పిల్లలు రాస్తారు, లెక్చరర్లు దిద్దుతారు, మార్కులు ఆన్‌లైన్‌లో ఎక్కిస్తారు, పేపర్లు కట్టగట్టి బీరువాలో పెడతారు. చాలా కాలేజీల్లో రాసినవాడికి తన పేపర్ మళ్లీ కనపడదు. పాతికకు తొమ్మిదే ఎందుకొచ్చాయో తెలియకుండానే సెమిస్టర్ పరీక్షకు వెళ్తాడు. దిద్దిన పేపర్ వారంలోగా విద్యార్థి చేతికి రావాలన్నదే నా విన్నపం. కాలేజీల నాణ్యతను అంచనా వేసే న్యాక్ సంస్థకు చూపించడానికి కావాలంటే, పిల్లలు చూసుకున్నాక వెనక్కి తీసుకుని దాచుకోవచ్చు.

నేను కెమిస్ట్రీ లెక్చరర్‌గా రిటైరయ్యాను. నాలుగు గ్రాముల సోడియం హైడ్రాక్సైడ్‌తో 250 మిల్లీలీటర్ల ద్రావణం చేస్తే మొలారిటీ (లీటరు ద్రావణంలో కరిగిన పదార్థం ఎన్ని మోల్స్ ఉందో చెప్పే లెక్క) ఎంత అని అడిగితే, చాలామంది మోల్స్ 0.1 అని సరిగ్గానే కడతారు. తర్వాత దాన్ని నేరుగా 250తో భాగించి 0.0004 అని రాసేస్తారు. రావాల్సింది 0.4. సూత్రం వాళ్లకు నోటికి వచ్చు, మిల్లీలీటర్లను లీటర్లలోకి మార్చడం ఒక్కటే మరిచిపోయారు. ఆ 250 చుట్టూ ఎర్ర సిరాతో ఒక సున్నా చుట్టి పేపర్ ఇస్తే అక్కడితో సరిపోతుంది. ఇవ్వకపోతే ల్యాబ్‌లోనూ అదే తప్పు, సెమిస్టర్‌లోనూ అదే తప్పు. పైగా తనకు కెమిస్ట్రీ రాదని ఆ పిల్లో పిల్లాడో నమ్మేస్తారు. నాకు బాధ కలిగించేది అదే.

ఆంధ్రప్రదేశ్‌లో 2021-22 నుంచి డిగ్రీ కోర్సులన్నీ ఇంగ్లిష్ మీడియంలోకి వచ్చాయి. తెలుగు మీడియంలో ఇంటర్ చదివి వచ్చిన పిల్లలకు ఈ పేపర్లు మరీ అవసరం. జవాబు తప్పడానికి కారణం సబ్జెక్టు రాకపోవడమా, ప్రశ్న అర్థం కాకపోవడమా అన్నది మార్కుల్లో కనపడదు. పేపర్ ముందు పెట్టుకుని రెండు నిమిషాలు తెలుగులో మాట్లాడితే తెలిసిపోతుంది.

అరవై మంది ఉన్న క్లాసులో ఇది కుదరదంటారు. అందరితో విడివిడిగా కూర్చోనక్కర్లేదు. ఎక్కువమంది చేసిన మూడు తప్పులు బోర్డు మీద రాసి, పక్కపక్కన కూర్చున్నవాళ్లను మాట్లాడుకుని సరిచేయమంటే చాలు. హార్వర్డ్‌లో ఫిజిక్స్ చెప్పే ఎరిక్ మజూర్ 1990ల మొదట్లో ఇలాంటి పద్ధతే మొదలుపెట్టారు. ప్రశ్న ఇచ్చి, ఎవరి జవాబు వాళ్లను ఎంచుకోమని, తర్వాత పక్కవాళ్లతో వాదించుకోమని, మళ్లీ జవాబు అడుగుతారు. దానికి స్మార్ట్ బోర్డులేమీ అక్కర్లేదు. మన క్లాసులో అయితే ఆ వాదన తెలుగులోనే జరుగుతుంది, జరగనివ్వాలి కూడా. నోట్సు డిక్టేట్ చేసే గంట కన్నా ఆ గంటలో పిల్లలు నేర్చుకునేది ఎక్కువ.

అసలు ఇబ్బంది లెక్చరర్ల కొరత. గంటల లెక్కన జీతం తీసుకునే గెస్ట్ ఫ్యాకల్టీ ఇంటికి తీసుకెళ్లి పేపర్లు దిద్దితే ఆ గంటలకు పైసా రాదు. అలాంటప్పుడు శ్రద్ధగా దిద్దమని వాళ్లను అడగడం న్యాయం కాదు. దిద్దే సమయాన్ని కూడా పనిగంటల్లో కలిపి డబ్బు ఇవ్వాలి. ఖాళీ పోస్టులు భర్తీ చేయాలన్నది ఎప్పటి నుంచో ఉన్న కోరికే, మళ్లీ అడుగుతున్నాను.

ఇంకొక సంగతి. కొన్ని కాలేజీల్లో పేపర్ సరిగ్గా చూడకుండానే అందరికీ ఇరవై మూడో ఇరవై నాలుగో వేసేస్తారు. పేపర్ పిల్లల చేతికి వస్తే ఆ పని అంత సులువుగా సాగదు. కష్టపడి రాసినవాళ్లకు న్యాయం జరుగుతుంది.

కళాశాల విద్య కమిషనరేట్ ఒక సర్క్యులర్ ఇస్తే దీన్ని వెంటనే మొదలుపెట్టొచ్చు. ప్రతి మిడ్ పరీక్ష తర్వాత ఒక్కో సబ్జెక్టుకు ఒక గంట, పేపర్లు ఇచ్చి చర్చించడానికి, అకడమిక్ క్యాలెండర్‌లోనే చూపించాలి. తప్పు దిద్దుకుని మళ్లీ రాసి తెచ్చినవాళ్లకు ఒకటి రెండు మార్కులు కలిపే వెసులుబాటు యూనివర్సిటీలు ఇవ్వాలి. మొదటి సంవత్సరం పిల్లలకైనా ఈ సెమిస్టర్ రెండో మిడ్ నుంచే అమలు చేయాలని కోరుతున్నాను.

— ఒక విశ్రాంత అధ్యాపకుడు, తణుకు