ముందు చక్రాలను అడగకుండా ట్రాన్స్‌ఫర్ కేసు విప్పకండి

సంపాదకులకు నమస్కారం.

సైన్యం వేలం వేసిన పాత లారీల గురించి గత ఆదివారం మీ పత్రికలో వచ్చిన కథనం చదివాను. ముందు చక్రాల డ్రైవ్ పనిచేయకపోతే ట్రాన్స్‌ఫర్ కేసు (ఇంజను బలాన్ని ముందు, వెనక ఇరుసులకు పంచే పళ్లపెట్టె) మార్చాలని, అది దొరకకపోతే బండిని తుక్కుకు అమ్ముకోవాలని అందులో రాశారు. ఆ ఒక్క మాట నమ్మి ఎవరైనా జేబు ఖాళీ చేసుకుంటారేమోనని ఈ ఉత్తరం రాస్తున్నాను. నేను సికింద్రాబాద్‌లో సైన్యపు మరమ్మతు విభాగమైన ఈఎంఈ కేంద్రంలో పని నేర్చుకుని, ఇరవై రెండేళ్లు సైన్యంలో వాహన మెకానిక్‌గా చేశాను. జర్మన్ లైసెన్సుతో 1959 నుంచి జబల్‌పూర్‌లో తయారైన శక్తిమాన్ సైనిక లారీల కింద పడుకునే నా జుట్టు నెరిసింది. ఇప్పుడు పర్లాకిమిడిలో, పాతపట్నం వెళ్లే దారిలో ఒక రేకుల షెడ్డు నడుపుకుంటున్నాను.

పోయిన వానాకాలంలో గుమ్మ వైపు కొండ ఊళ్లకు కరెంటు స్తంభాలు మోసే లారీ ఒకటి నా దగ్గరికి వచ్చింది. సైన్యం వేలంలో కొన్నదే. ఏ కంపెనీదో రాయను, తప్పు బండిది కాదు. మట్టి ఎక్కుడులో వెనక చక్రాలు ఇరుసు దాకా దిగబడ్డాయట. డ్రైవరు ముందు చక్రాలకు బలం కలిపే ఫ్రంట్ లివరు వేశాడు, డాష్‌బోర్డు మీద పచ్చ దీపం వెలిగింది. “దీపం వెలుగుతూనే ఉంది బాబాయ్, ముందు చక్రాలు మాత్రం పెళ్లికొచ్చిన చుట్టాల్లా చూస్తూ నిలబడ్డాయి” అన్నాడా కుర్రాడు. ట్రాక్టరు కట్టి లాగించుకున్నారు. తర్వాత ఒక పెద్ద ఊళ్లోని వర్క్‌షాపుకు తీసుకెళితే, వాళ్లు ట్రాన్స్‌ఫర్ కేసు దించి, బేరింగులూ, ముందు డ్రైవ్‌ను కలిపే స్లీవూ, దాన్ని జరిపే ఫోర్కూ మార్చి 48,000 రూపాయలు తీసుకున్నారు. తిరిగి అదే ఎక్కుడు, అదే బురద, అదే ట్రాక్టరు.

బండి రాగానే నేను స్పానరు ముట్టుకోలేదు. వెనక చక్రాలకు ముందూ వెనకా బండరాళ్లు పెట్టించాను. ముందు చక్రాలు రెండూ నేల వదిలేలా జాకీతో లేపి, ఇరుసు కింద గట్టి దిమ్మలు వేశాను. ఇంజను ఆపి, మొదటి గేరులో ఉంచి, ఫ్రంట్ లివరు వేయించాను. ఈ పరీక్షలో ఇంజను స్టార్టు చేయనే కూడదు. వెనక చక్రాలు నేల మీదే ఉంటాయి కాబట్టి బండి దిమ్మల మీద నుంచి దూకి మీ మీదికే వస్తుంది. ఇది చదివి ఇంటి దగ్గర ప్రయత్నించేవాళ్లు ఉంటారని తెలిసే రాస్తున్నాను.

మొదట బండి కిందికి దూరి, ట్రాన్స్‌ఫర్ కేసు నుంచి ముందు ఇరుసు హౌసింగుకు వెళ్లే జాయింట్ షాఫ్టును రెండు చేతులతో తిప్పబోయాను. వేలెడు ఆట ఆడి టక్కున ఆగిపోయింది. అంటే ట్రాన్స్‌ఫర్ కేసు దాన్ని పట్టుకునే ఉంది, లోపల స్లీవు పడింది, ఫోర్కు సరిగ్గానే ఉంది. ఆ షాఫ్టు గిరగిరా తిరిగి ఉంటే తప్పు అక్కడిదని నేనూ అనేవాణ్ణి. లివరు లింకేజీ అరుగుదల, గాలితో పనిచేసే రకమైతే సిలిండరు లోపలి రబ్బరు పొర (డయాఫ్రం) చిరగడం, గాలి గొట్టం లీకవడం వరసగా చూసేవాణ్ణి. 48,000 ఖర్చయిన చోట ఒక అర నిమిషం ఇలా చేతితో తిప్పి చూసినవాడు లేడు. ఆ దీపం మాటా చెప్పాలి. దాని స్విచ్చి ఉన్నది లివరు దగ్గర. లివరు కదిలిందని చెప్పడమే దాని పని, చక్రం సంగతి దానికి తెలియదు.

తర్వాత రెండు టైర్ల మీదా సుద్దముక్కతో గీత గీశాను. షాఫ్టు బిగిసి ఉన్నప్పుడు ఎడమ చక్రాన్ని ముందుకు తిప్పితే కుడి చక్రం వెనక్కి తిరగాలి. ఇరుసు మధ్యలో ఉండి రెండు చక్రాలనూ వేర్వేరు వేగాల్లో తిరగనిచ్చే డిఫరెన్షియల్ లక్షణమే అది. నేను ఎడమది తిప్పాను. బరువుగా తిరిగింది, హౌసింగులో పళ్లు కదులుతున్న గరగర వినిపించింది. కుడి వైపు సుద్దగీత మాత్రం ఉన్నచోటే ఉంది. కుడిది తిప్పితే చప్పుడు లేదు, బరువు లేదు, సైకిలు చక్రంలా ఒక చుట్టు చుట్టి ఆగింది. హబ్బు మూత విప్పి చక్రాన్ని తిప్పే యాక్సిల్ రాడ్డు లాగితే సగమే చేతికొచ్చింది.

విరిగిన ముఖాన్ని గుడ్డతో తుడిచి ఎండలో చూశాను. రాడ్డు మీది గాడిపళ్ల మొదట్లో, అంచు చుట్టూ ముదురు గోధుమ రంగు తుప్పు పట్టి ఉంది. మధ్యలో రూపాయి బిళ్లంత మేర గరుకుగా, వెండిలా మెరుస్తోంది. పగులు ఎప్పుడో అంచున మొదలై, తడి పీలుస్తూ లోపలికి పాకింది. ఆ మిగిలిన రూపాయి బిళ్లంత ఇనుము గుమ్మ ఎక్కుడులో తెగింది. మామూలు డిఫరెన్షియల్ ఉన్న ఇరుసులో ఒక రాడ్డు తెగితే రెండో చక్రానికీ బలం అందదు. ఉన్న శక్తి అంతా తెగిన వైపు ఉత్తినే తిరిగిపోతుంది. అందుకే రెండు చక్రాలూ చుట్టాలయ్యాయి. తారు రోడ్డు మీద వెనక చక్రాలే లాగుతాయి కాబట్టి ఈ రోగం అక్కడ బయటపడదు.

పగులు ఎందుకు మొదలైందన్నది అసలు సంగతి. ఆ కుర్రాడు ఘాటు దిగేటప్పుడు ‘పట్టు బాగుంటుందని’ తారు మీద కూడా ఫ్రంట్ లివరు వేసి ఉంచేవాడట. మలుపులో ముందు చక్రాలు వెనక వాటికంటే ఎక్కువ దూరం తిరగాలి. బురదలో అయితే టైరు జారి ఆ తేడా సర్దుకుంటుంది. పొడి తారు మీద టైరు జారదు, ఆ మెలి అంతా రాడ్లే మింగుతాయి. పైగా యజమాని ముందు కొత్త టైర్లు, వెనక అరిగినవి వేయించాడు. చుట్టుకొలతలో తేడా 3 సెంటీమీటర్లు. చక్రం వంద మీటర్లకు దాదాపు 30 చుట్లు తిరుగుతుంది, అంటే 90 సెంటీమీటర్ల లెక్క తేలక ఇరుసుల మధ్య మిగిలిపోతుంది. తిన్నని రోడ్డు మీద కూడా ఇదే వరస. లివరు వెనక్కి రాకుండా బిగుసుకుపోయిందంటే ఈ మెలే కారణం. సుత్తి తీయకండి, బండిని తిన్నగా నాలుగు గజాలు వెనక్కి నడిపితే చాలాసార్లు అదే వదులుతుంది. స్టీరింగు పూర్తిగా తిప్పి, దిగబడ్డ చక్రం మీద ఎక్సిలేటరు తొక్కడం ఇంకో పాపం. ఆ కోణంలో చక్రం పక్కకు తిరిగే నకిల్ దగ్గరి జాయింటుకు ఓర్పు తక్కువ. ఈ లారీలో ఆ జాయింటు బతికే ఉంది. ఎడమ వైపు ఆయిల్ సీలు మాత్రం గెడ్డ (వాగు) నీళ్లకు పాడై, గ్రీజు మజ్జిగలా తెల్లబడింది. అదీ మార్చాను.

రాడ్డు మన ప్రాంతంలో దొరకలేదు. సైన్యపు పాత బండ్ల విడిభాగాలకు పేరున్న బెంగాల్‌లోని పానాగఢ్ నుంచి తెప్పించాను, పన్నెండు రోజులు పట్టింది. బిగించాక మళ్లీ సుద్ద గీసి తిప్పాను. ఈసారి ఎడమది ముందుకు, కుడిది వెనక్కి. ముందు టైర్లలో ఒకటి వెనక్కి, వెనకది ముందుకు మార్చి సర్దుతానని యజమాని అంటే వద్దన్నాను. ఒకే ఇరుసు మీద ఎక్కువ తక్కువలు వేస్తే డిఫరెన్షియల్‌కు పొద్దస్తమానం పని. నాలుగింటికీ సమానంగా అరిగినవి దొరికేదాకా తారు మీద లివరు ముట్టవద్దని కుర్రాడికి గట్టిగా చెప్పాను.

ఈ బండ్లను తుక్కు అనడం మా జిల్లాలో ఎవరికీ రుచించదు. 2018 అక్టోబరు 11న తిత్లీ తుపాను పలాస దగ్గర తీరం దాటినప్పుడు గజపతి జిల్లాలో కొండచరియలు విరిగిపడి ప్రాణాలు పోయాయి, దారులు తెగాయి. అలాంటి రోజున ముందు చక్రాలు లాగే బండి విలువ ఏమిటో వేరే చెప్పాలా? అయితే ఏడాదంతా లివరు ముట్టకుండా ఉంచి తుపాను నాడు వేస్తే, తుప్పు పట్టిన ఫోర్కు కదలదు. ఇలాంటి లారీలు ఉన్న కాంట్రాక్టర్లు, కార్యాలయాలు నెలకోసారి ఏ చెరువు గట్టు మట్టి దారిలోనో ఫ్రంట్ డ్రైవ్ వేసి రెండు ఫర్లాంగులు నడిపించాలి. డ్రైవరుకు దాన్ని ఎప్పుడు వేయకూడదో ముందు నేర్పాలి.

మరొక్కటి. కథనంతో పాటు వేసిన బొమ్మలో ముందు జాయింట్ షాఫ్టుకు ‘స్టీరింగ్ రాడ్డు’ అని పేరు పెట్టారు. దయచేసి సవరణ వేయించండి.

– విశ్రాంత హవల్దారు, వాహన మెకానిక్,
పర్లాకిమిడి, గజపతి జిల్లా, ఒడిశా