చింతాద్రిపేట నుంచి కిట్టూకి

చింతాద్రిపేట, చెన్నై
20 జనవరి 2026

చి॥ కిట్టూకి అమ్మ ఆశీర్వదించి రాయునది.

ఇక్కడ మేమంతా క్షేమం. నువ్వు, పద్మ, పిల్లలు క్షేమమని తలుస్తాను. పండక్కి వస్తారని ఎదురుచూశాం. సరే, కంప్యూటర్ల షాపు వదిలి రావడం ఎంత కష్టమో నాకు తెలియంది కాదు. ఫోన్ చేస్తే "అమ్మా, కస్టమర్ ఉన్నాడు, మళ్ళీ చేస్తా" అంటావు. నెల దాటింది, ఆ ఫోన్ రాలేదు. అందుకే కాగితం తీశాను. మురళి రేపు బృందావన్ ఎక్స్‌ప్రెస్‌లో బెంగుళూరు వస్తున్నాడు. ఈ ఉత్తరం, గోంగూర పచ్చడి, అరిసెలు, పద్మకి పండగ చీర అతని చేత పంపుతున్నాను. పచ్చడి సీసాలో తడి గరిటె పెట్టొద్దని పద్మకి చెప్పు.

నాన్నకి మోకాలి నొప్పి కాస్త తగ్గింది. కంప్యూటర్ షాపుల రిచీ స్ట్రీట్‌కి నడిచే వెళ్తున్నారు. ఆటో ఎక్కమంటే వినరు. మన వీధిలో మెట్రో వాటర్ వాళ్ళ నీళ్ళు పొద్దున పూట వస్తున్నాయి, ఆ బాధ తప్పింది. పక్కింటి వాళ్ళమ్మాయికి సంబంధం కుదిరింది, అబ్బాయి హోసూరులో పని.

పండగ రోజు సరళత్తయ్య వచ్చి సాయంత్రం దాకా ఉంది. అదీ ఇదీ మాట్లాడుతూ, నువ్వు డీడీఆర్4 ర్యాములు, అదే కంప్యూటర్ మెమరీ పలకలు, పెట్టెలు పెట్టెలు కొని మేడ మీద గదిలో పెట్టావని, పద్మ గాజులు, కాసులపేరు కుదువ పెట్టి ఆ డబ్బు తెచ్చావని అంది. సరళత్తయ్య మాటల్లో సగం తీసేయాలని నాకు తెలుసు. నేను అడగడం లేదు. విన్నది నీ చెవిన వేస్తున్నాను, అంతే.

ర్యామ్ రేట్ల సంగతి మాకూ తెలుసులే. నాన్న రోజూ ఇంటికి రాగానే మొదట చెప్పేది అదే. ఆరు నెలల కిందటికి ఇప్పటికీ రెట్టింపు దాటింది. పొద్దున చెప్పిన రేటు సాయంత్రం ఉండడం లేదట. శామ్‌సంగ్, హైనిక్స్, మైక్రాన్, ఈ ముగ్గురే దాదాపు లోకానికంతటికీ ర్యామ్ చేసిపెట్టాలి. వాళ్ళేమో ఏఐ సర్వర్లకి వెళ్ళే మెమరీ మీద లాభం ఎక్కువని అటు తిరిగారు. డిసెంబరులో మైక్రాన్ వాళ్ళు క్రూషియల్ పేరుతో మనలాంటి షాపులకి వచ్చే సరుకు ఆపేస్తామన్నారు. ఆ ప్యాకెట్లు ఎన్నేళ్ళు మన అద్దాల బీరువాలో ఉన్నాయో! ఇంత జరుగుతుంటే కొని పెట్టుకుందామని ఎవరికైనా అనిపిస్తుంది. నీకు అనిపించిందంటే ఆశ్చర్యం లేదు.

కానీ శేషు చిన్నాన్న సంగతి నీకు పూర్తిగా తెలియదు. నువ్వు అప్పుడు స్కూల్లో ఉన్నావు. బిల్లులు రాసింది నేను, అందుకని చెప్తున్నాను.

1999 అది. వై2కే భయం, అంటే 2000 సంవత్సరం రాగానే పాత కంప్యూటర్లు తేదీ తప్పుతాయని భయం. ప్రతి ఆఫీసువాడూ కొత్త మిషన్ కావాలి, లేదంటే ఉన్న దాంట్లో ర్యామ్ పెంచాలి అనేవాడు. 32 ఎంబీ ఉన్నవాళ్ళు 64 అడిగేవాళ్ళు. రేటు ఎండాకాలం నుంచే ఎగబాకుతోంది. సెప్టెంబరు 21న తైవాన్‌లో భూకంపం. అక్కడ షిన్చు ఊళ్ళో చిప్పుల ఫ్యాక్టరీలన్నిటికీ కరెంటు పోయింది. ఆ రోజు రిచీ స్ట్రీట్ చూడాల్సింది నువ్వు. షాపులు తెరిచే ఉన్నాయి, రేటు చెప్పేవాడు లేడు. "సాయంత్రం రండి" అంటారు, సాయంత్రం వెళ్తే "రేపు రండి" అంటారు. మీ నాన్న ఉన్న స్టాకు ఉన్నట్టే పాత కస్టమర్లకి, ముందే ఒప్పుకున్న రేటుకే ఇచ్చేశారు. శేషు చిన్నాన్న నవ్వాడు. "వదినా, అన్నయ్యకి వ్యాపారం రాదు" అన్నాడు. పిన్ని చంద్రహారం, వంకీ తీసుకెళ్ళి షావుకారుపేటలో కుదువ పెట్టి, వచ్చిన డబ్బంతా పెట్టి ర్యాములు కొన్నాడు. బీరువాలో పట్టుచీరలు తీసేసి ఆ అరలో ట్రేలు పేర్చాడు. నేను వెళ్ళి చూశాను. కర్పూరం ఉండల వాసన, వెండిరంగు కవర్లు.

తెలివితక్కువవాడు కాదురా మీ చిన్నాన్న. మొదటి పదిహేను రోజుల్లో అమ్మి ఉంటే మంచి లాభమే వచ్చేది. ఒకాయన ఇంటికొచ్చి మొత్తం తీసుకుంటానన్నాడు కూడా. దీపావళి దాకా ఆగితే ఇంకా వస్తుందని ఆగాడు. దీపావళికి రేటు మెత్తబడింది. సంక్రాంతికి పెరుగుతుందన్నాడు. సంక్రాంతికి ఇంకా దిగింది. వై2కే పేరు చెప్పి అందరూ ముందే కొనేసుకున్నారు, కొత్త సంవత్సరంలో అడిగేవాడు లేడు. 2000 చివర్లో పెంటియం 4 ప్రాసెసర్ వచ్చింది, దానికి ర్యామ్ వేరే. తర్వాత డీడీఆర్ రకం ర్యామ్. చిన్నాన్న దగ్గరున్న ఎస్‌డీర్యామ్‌కి అంచులో రెండు గాట్లు, డీడీఆర్‌కి ఒకటే, ఈ పలక ఆ స్లాటులో దిగదు. 2001లో ర్యామ్ రేటు ఎలా పడిపోయిందో నీకే తెలుసు. షావుకారుపేట వడ్డీ మాత్రం నెల నెలా పెరిగింది. సరళత్తయ్య కూతురి పెళ్ళికి పిన్ని మెడలో నల్లపూసలు తప్ప ఏమీ లేకుండా వచ్చింది. ఎవరూ ఏమీ అడగలేదు, అందరూ చూశారు.

2004లో ఆ ట్రేలు మన షాపుకే తెచ్చాడు. తుక్కు కొనేవాడు వచ్చి, అంచులకి బంగారు పూత ఉంటుందని కేజీల లెక్కన తూచి తీసుకెళ్ళాడు. పాత మదర్‌బోర్డుల మూట మోసింది నువ్వే, గుర్తుందా? ఆ తూకం వేసిన చీటీ నేనే రాశాను. పిన్ని హారం మళ్ళీ ఇంటికి రాలేదు.

పండగపూట సరళత్తయ్య ఆ మాట అన్నప్పుడు నాకు గుర్తొచ్చింది ఇదే.

ఈసారి రేటు అంత త్వరగా తగ్గదు అంటావు. తగ్గకపోవచ్చు. 2011లో థాయ్‌లాండ్ వరదలకి హార్డ్‌డిస్కుల రేటు రెట్టింపై, మళ్ళీ దారికి రావడానికి చాలాకాలం పట్టింది. అప్పుడు మీ నాన్న ఏం చేశారో నువ్వు పక్కనే ఉండి చూశావు. ఆర్డరు రాసుకుని, అడ్వాన్సు పుచ్చుకుని, అప్పుడు కొనేవారు. ఒక్క డిస్కు షాపులో నిద్ర చెయ్యలేదు. మన సరుకు తోటకూర కట్ట అని ఆయన ఊరికే అనరు. నీ రేటు తగ్గకపోయినా కొనేవాడు తగ్గుతాడు నాయనా. నువ్వు కొన్నప్పుడే 18 శాతం జీఎస్టీ కట్టేశావు, అమ్మకాల బిల్లుల మీద కట్టే పన్నులో తప్ప అది సర్దుబాటు కాదు. అంతవరకూ ఆ డబ్బూ ఇరుక్కున్నట్టే. పైగా ఇప్పుడు బంగారం రేటు ఇలా ఉంటే కుదువకి అప్పు ఎక్కువ పుడుతుంది. చేతికి ఎక్కువ వచ్చింది కదా అని ఎక్కువ సరుకు కొంటాం. నాకు భయం అక్కడ.

బిల్లు ఉన్న సరుకేనా అది? ఇలాంటి రోజుల్లోనే పాత చిప్పులకి కొత్త స్టిక్కరు వేసి తిప్పుతారు. కొన్నవి ఒక్కొక్కటీ మెమ్‌టెస్ట్ అనే ర్యామ్ పరీక్ష పెట్టి చూశావా? రాత్రంతా తిరగనివ్వాలి, అరగంట చూసి ఆపకూడదు.

ఉపదేశం చెయ్యనని అనుకుని కూర్చున్నాను, అయినా రాస్తాను. మన ఇల్లు నడిచింది స్టాకు మీద కాదు, రిపేరు బల్ల మీద. 2014లో విండోస్ ఎక్స్‌పీకి అప్‌డేట్లు ఆగిపోతే నాన్న ఒక్కొక్క క్లినిక్కూ తిరిగి ఏ మిషన్ మారిస్తే చాలు, ఏది ఉంచొచ్చు అని కూర్చుని రాసిచ్చారు. ఈ రోజుకీ వాళ్ళు మన దగ్గరికే వస్తారు. 2017లో జీఎస్టీ వచ్చినప్పుడు టాలీ లెక్కల సాఫ్ట్‌వేర్ మార్పించుకోవడానికి కిరాణా కొట్లవాళ్ళు మన మెట్ల మీద కూర్చున్నారు. ఇప్పుడు నీ ముందు అలాంటి అవకాశమే ఉంది. పోయిన అక్టోబరు 14తో విండోస్ 10కి మామూలు అప్‌డేట్లు ఆగిపోయాయి. విండోస్ 11 ఎక్కాలంటే టీపీఎమ్ 2.0 అనే భద్రతా ఏర్పాటు ఉండాలి, ఇంటెల్ ప్రాసెసరైతే దాదాపు ఎనిమిదో తరం నుంచి పైది ఉండాలి. ఆరో తరం, ఏడో తరం మిషన్లు పెట్టుకున్న ట్యూషన్ సెంటర్లు, చిన్న ఆఫీసులు బెంగుళూరులో ఎన్ని ఉంటాయి! వాళ్ళకి కొత్తది కొనమని చెప్పేవాళ్ళే ఎక్కువ. మైక్రోసాఫ్ట్ విండోస్ 10కి ఇంకొంత కాలం భద్రతా అప్‌డేట్లు ఇచ్చే పద్ధతి పెట్టింది, దాన్ని ఎలా వాడుకోవాలో చెప్పు. పాత హార్డ్‌డిస్కు తీసి వేగంగా నడిచే ఎస్ఎస్‌డీ పెట్టు. ఉత్తరాలు టైపు చేసుకునేవాడికి, మెయిల్ చూసుకునేవాడికి విండోస్ బదులు లినక్స్ పెట్టి నేర్పించు. కంపెనీలు తీసేసే లాప్‌టాపులు అక్కడ దొరుకుతాయి. చెడినవాటిలోంచి ర్యామ్ తీసి, పరీక్షించి, నీ గ్యారంటీ మీద ఇవ్వు. వాటిలో ఎవరి ఫైళ్ళున్నా పూర్తిగా చెరిపేశాకే అమ్మాలి, ఇది మాత్రం పనివాడికి వదలకు, నువ్వే చూడు.

శుభలేఖల ప్రెస్సు మామయ్య మిషన్ ఇంకా నడుస్తోంది. ఎక్స్‌పీ, పేజ్‌మేకర్, అనూ తెలుగు ఫాంట్లు. నెట్ తగలకుండా నాన్న దాన్ని కాపాడుతున్నారు. మొన్న ఆన్ చేస్తే బీప్ బీప్ అని అరిచి ఊరుకుందట. నాన్న ర్యామ్ ఊడదీసి, అంచు రబ్బరుతో తుడిచి, రజను ఊది, మళ్ళీ నొక్కితే వచ్చింది. రాబోయే ముహూర్తాల కార్డులన్నీ అందులోనే ఉన్నాయి, పాపం ఆయన కంగారుపడ్డాడు. చిన్నప్పుడు ఆ పని నీది. బడి నుంచి రాగానే నటరాజ్ రబ్బరు పట్టుకుని బల్ల దగ్గర కూర్చునేవాడివి, కాళ్ళు నేలకి అందేవి కావు. అంచు మెరిసేదాకా వదిలేవాడివి కాదు, వేలు పెట్టి చూసుకోబోతే నాన్న కసిరేవారు. ఆ చెయ్యి నీకు ఉంది. అది కుదువ పెట్టే పని లేదు.

బ్లోయరు పట్టేటప్పుడు ముక్కుకి గుడ్డ కట్టుకుంటున్నావా? పోయిన సారి ఫోన్లో దగ్గు వినిపించింది. ఉబ్బిన బ్యాటరీలు ఇంటికి తీసుకురావద్దు, పిల్లలున్న ఇల్లు. ఆ మేడ మీద గదిలో చార్జింగ్ పెట్టి వదలకు. మధ్యాహ్నం మూడింటికి కాదు, ఒంటిగంటకి తిను. బీపీ మాత్ర వేసుకున్నాక టిక్కు పెట్టే అట్ట పంపుతున్నాను, గోడకి తగిలించు. చలికి పొద్దునే బండి మీద వెళ్తున్నావు, చెవులకి మఫ్లరు కట్టుకో.

పద్మని ఏమీ అనకు. తను నాకు ఏమీ చెప్పలేదు. పండగ రోజు వీడియోలో మాట్లాడినప్పుడు చేతులు తెర కిందే ఉంచింది, అది నేనే చూశాను.

ఆదివారం మీకు సెలవు కదా, పొద్దున పదింటికి ఫోన్ చెయ్యి. స్టాకు రిజిస్టరు, కొన్న బిల్లులు, బంగారం పెట్టిన రసీదు దగ్గర పెట్టుకుని చెయ్యి. నాన్నకి ఇవ్వను, నేనే మాట్లాడతాను. ఎంతకి కొన్నావో, వడ్డీ ఎంతో, గడువు ఎప్పుడో చెప్పు, ఇక్కడ రాసుకుంటాను. సగం సరుకు ఈ రేటులో ఉండగానే వదిలించుకునే దారి నాన్నని అడిగి చెప్తాను, రిచీ స్ట్రీట్‌లో అడిగేవాళ్ళున్నారు. పోస్టాఫీసులో నా పేరున వేసింది మార్చిలో చేతికొస్తుంది. దానితో ముందు గాజులు విడిపిద్దాం, కాసులపేరు సంగతి తర్వాత చూద్దాం.

ఇట్లు,
అమ్మ